‘ఓన్లీ’ని క్రియ పక్కనే ఉండనివ్వండి

ఇంగ్లీషు జాగ్రత్తగా రాయాలనుకునే ప్రతి ఒక్కరికీ ఒక సూత్రం నోటికి వచ్చి ఉంటుంది. ‘ఓన్లీ’ అనే మాట దేన్ని పరిమితం చేస్తోందో సరిగ్గా దాని ముందే ఉండాలి, లేకపోతే అర్థం మారిపోతుంది అని. బడిలో చెప్తారు, పోటీ పరీక్షల గైడ్లలో ఉంటుంది, ఆఫీసులో సీనియర్లు మన డ్రాఫ్టు మీద గీత గీసి మరీ చెప్తారు. నా ఉద్యోగం ఇంగ్లీషులో రాసిన సూచనలు, నిబంధనలు, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లు సరిదిద్దడం. నా దగ్గరికి వచ్చే కాగితాల మీద అప్పటికే ఎవరో చేసిన దిద్దుబాట్లు ఉంటాయి. వాటిలో పదే పదే కనబడేది ఇదే: క్రియ ముందున్న ‘ఓన్లీ’ని పీకి, వాక్యం చివర్లో ఉన్న అంకె ముందో పేరు ముందో పెట్టడం.

ఆ దిద్దుబాట్లలో చాలావాటికి అవసరమే లేదు. కొన్నయితే బాగున్న వాక్యాన్ని చెడగొడుతున్నాయి. ఇంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. ‘ఓన్లీ’ని నిజంగా కదపాల్సిన చోట ఈ సూత్రం నోరు మెదపదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సూత్రం కొత్తది కాదు. 1762లో తొలిసారి అచ్చయిన ఇంగ్లీషు వ్యాకరణంలో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు, క్రియావిశేషణం తాను సంబంధించిన మాటకు దగ్గరగా ఉండాలని రాశాడు. ఆ తర్వాత ఆయన లండన్ బిషప్ కూడా అయ్యాడు. ఆయన తప్పుపట్టిన వాక్యం ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’. నేను మూడు మాటలే మాట్లాడాను అని చెప్పదలిస్తే ‘ఐ స్పేక్ ఓన్లీ త్రీ వర్డ్స్’ అనాలన్నాడు. ఆ తర్వాత వచ్చిన వ్యాకరణాలు దాన్నే తిరగరాస్తూ వచ్చాయి. కానీ ఆ మొదటి వాక్యాన్ని ఇంకోసారి చదవండి. దాన్ని ఎవరైనా తప్పుగా అర్థం చేసుకుంటారా? ‘మూడు మాటలు మాట్లాడాను అంతే, పాడలేదు, రాయలేదు’ అని ఎవరికైనా తోస్తుందా? ఎవరికీ తోచదు. జనం అలా మాట్లాడుతున్నారని లౌత్ తానే ఒప్పుకున్నాడు. జనానికి అర్థమవుతోందంటే వాక్యంలో వేరే ఆధారం ఏదో ఉన్నట్టే కదా.

1926లో హెన్రీ ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఈ విషయం మీద గట్టిగానే మాట్లాడాడు. ‘హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అనే వాక్యాన్ని తీసుకున్నాడు. అతను చనిపోయి వారమే అయింది అని. సూత్రం ప్రకారం ‘ఓన్లీ’ ‘ఎ వీక్ ఎగో’ ముందుండాలి. కానీ అపార్థానికి తావు లేనప్పుడు దాన్ని క్రియ ముందు నుంచి కదపాల్సిన పని లేదని ఆయన పక్షం. ఇంగ్లీషు వాడుక విషయంలో కఠినుడని పేరున్న మనిషే ఇలా అన్నాడంటే ఆలోచించాలి.

ఇక అసలు సంగతిలోకి వెళ్దాం. ఇంగ్లీషు వాక్యంలో ‘ఓన్లీ’, ‘జస్ట్’, ‘మియర్లీ’, ‘సింప్లీ’, ‘ఈవెన్’ లాంటి చిన్న మాటలకి ఒక సొంత చోటు ఉంది. క్రియ ఒక్కటే ఉంటే దాని ముందు. సహాయక క్రియ ఉంటే మొదటి సహాయక క్రియ తర్వాత. ‘షి ఓన్లీ రెడ్’, ‘షి హాజ్ ఓన్లీ రెడ్’, ‘షి కెన్ ఓన్లీ రీడ్’. ‘బి’ క్రియ అయితే దాని తర్వాత: ‘షి ఈజ్ ఓన్లీ ఎ చైల్డ్’. ‘ఆల్వేజ్’, ‘నెవర్’, ‘ఆఫెన్’ లాంటివి కూడా చాలావరకు ఇక్కడే కూర్చుంటాయి. అంటే ఇది నిర్లక్ష్యంగా మాట్లాడేవాళ్లు కనిపెట్టిన చోటు కాదు. ఇంగ్లీషు క్రియాపదబంధంలో ఇలాంటి మాటల కోసం ఉన్న మామూలు స్థానం. అక్కడున్న ‘ఓన్లీ’ తన తర్వాత వచ్చే క్రియనీ, దాని కర్మనీ, సమయాన్నీ, చోటునీ మొత్తంగా చూస్తుంది. ఆ మొత్తంలో దేనినైనా ఎంచుకోగలదు.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. ‘షి ఓన్లీ సెండ్స్ రిపోర్ట్స్ టు ద మేనేజర్.’ దీన్ని పైకి చదవండి, ఒక్కోసారి ఒక్కో మాటని ఒత్తి పలకండి. ‘మేనేజర్’ని ఒత్తితే, ఆమె రిపోర్టులు మేనేజర్‌కే పంపుతుంది, ఇంకెవరికీ పంపదు. ‘రిపోర్ట్స్’ని ఒత్తితే, మేనేజర్‌కి ఆమె పంపేవి రిపోర్టులే, బిల్లులూ ఉత్తరాలూ కావు. ‘సెండ్స్’ని ఒత్తితే, ఆమె పంపడం వరకే, రాసేది వేరేవాళ్లు. మూడూ వేర్వేరు సంగతులు. ఆమె క్లయింటుకి కూడా రిపోర్టు పంపిందనుకోండి, మొదటి అర్థంలో వాక్యం అబద్ధం, రెండో అర్థంలో నిజం. మాటల వరుస మారలేదు, ‘ఓన్లీ’ కదల్లేదు, నిజం అబద్ధం మాత్రం మారాయి. మాట్స్ రూత్ అనే భాషాశాస్త్రవేత్త 1985లో తన పీహెచ్‌డీ పరిశోధనలో ఇలాంటి వాక్యాల మీదే ఒక సిద్ధాంతం కట్టాడు. ఒత్తి పలికిన మాట తన బదులు రాగల ఇతర మాటల గుంపుని మన మనసులోకి తెస్తుందని, ‘ఓన్లీ’ ఆ గుంపులో మిగతావన్నీ కొట్టేస్తుందని దాని సారం.

మాట్లాడేటప్పుడు అందుకే ఇబ్బంది రాదు. గొంతు పని చేసి పెడుతుంది. కాగితం మీద గొంతు లేదు. ‘ఓన్లీ’ తను పరిమితం చేసే మాట పక్కనే ఉండాలన్న సూత్రం, అంటే పక్క మాట సూత్రం, పుట్టింది ఈ లోటు పూడ్చడానికే. ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు.

కానీ కాగితం మీద కూడా చదివేవాడి లోపల ఒక గొంతు ఉంటుంది. దానికి ఒక అలవాటు ఉంది. ఇంగ్లీషులో, ప్రత్యేకంగా వేరే కారణం ఏదీ లేకపోతే, వాక్యం చివర్లో వచ్చే బరువైన మాట మీదే ఊనిక పడుతుంది. 1985లో రాండాల్ఫ్ క్వర్క్ బృందం తెచ్చిన పెద్ద వ్యాకరణం దీన్ని బాగా చర్చించింది. ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’ అనే వాక్యంలో పరిమితి మూడు మాటల మీద పడటానికి కారణం ఇదే. వాక్యం చివర అవే ఉన్నాయి, ఊనిక వాటి మీదే పడుతుంది, ‘ఓన్లీ’ ఆ ఊనికని పట్టుకుంటుంది. ‘షి ఓన్లీ సెండ్స్ రిపోర్ట్స్ టు ద మేనేజర్’ని పక్క వాక్యాలేవీ లేకుండా మౌనంగా చదివినా చాలామందికి ముందు తట్టేది మేనేజర్‌కే పంపుతుంది అన్న అర్థమే.

అంటే రాసేవాడి చేతిలో ‘ఓన్లీ’ని కదపడం కాకుండా ఇంకో దారి ఉంది. పరిమితం చేయదలచిన మాటని వాక్యం చివరికి తీసుకెళ్లడం. రిపోర్టులే అని చెప్పాలనుకుంటే ‘ద మేనేజర్ ఓన్లీ గెట్స్ రిపోర్ట్స్’ అని తిప్పి రాస్తే సరిపోతుంది. నా అనుభవంలో ఇదే ఎక్కువసార్లు మంచి దిద్దుబాటు అవుతుంది. వాక్యం ఊపిరి ఆగకుండా సాగుతుంది, అర్థం తేలిపోతుంది.

క్రియ ముందున్న ‘ఓన్లీ’కి ఇంకో మేలు కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది ముందే హెచ్చరిస్తుంది. ‘ద లైబ్రరీ ఓపెన్స్ ఇట్స్ అప్పర్ ఫ్లోర్స్ టు ద పబ్లిక్ ఓన్లీ ఆన్ సండేస్’ అని రాస్తే, పై అంతస్తులు అందరికీ తెరిచే ఉంటాయని సగం వాక్యం దాకా నమ్మి, చివర్లో నమ్మకాన్ని సరిచేసుకోవాలి. ‘ద లైబ్రరీ ఓన్లీ ఓపెన్స్’ అని మొదలుపెడితే ఏదో పరిమితి రాబోతోందని మొదటి నుంచే తెలుస్తుంది. చిన్న వాక్యంలో ఇది లెక్కలోకి రాదు. నాలుగు వరుసల వాక్యంలో చాలా తేడా చేస్తుంది.

ఒక్క చోట మాత్రం పక్క మాట సూత్రానికి తిరుగులేదు. కర్త విషయంలో. ‘సీత ఓన్లీ పాస్డ్’ అనే వాక్యాన్ని ఎంత ఒత్తి పలికినా ‘సీత ఒక్కతే పాసయింది’ అని రాదు. క్రియ ముందున్న ‘ఓన్లీ’ ముందుకే చూస్తుంది, వెనక్కి చూడలేదు. కర్తని పరిమితం చేయాలంటే ‘ఓన్లీ సీత పాస్డ్’ అనే అనాలి. ఇది స్టైల్ మాట కాదు, వ్యాకరణం.

తెలుగువాళ్లకి పక్క మాట సూత్రం వెంటనే నచ్చేయడానికి మన భాషే కారణమని నాకనిపిస్తుంది. మనకి ‘ఏ’ ఉంది. ‘రవే నిన్న వచ్చాడు’, ‘రవి నిన్ననే వచ్చాడు’, ‘రవి బస్సులోనే వచ్చాడు’. దేని గురించి చెప్తున్నామో దాని తోకకే అంటుకుంటుంది, సందేహమే ఉండదు. ఆ అలవాటుతో ఇంగ్లీషు వాక్యాన్ని చూస్తే క్రియ ముందు తిష్ఠ వేసిన ‘ఓన్లీ’ దారి తప్పినట్టు కనబడుతుంది. కానీ మన ‘ఏ’కి కూడా క్రియ దగ్గర చిక్కు ఉంది. ‘వచ్చాడే!’ అంటే వచ్చాడు అంతే అని కాదు, ఆశ్చర్యమో ఎత్తిపొడుపో. క్రియని పరిమితం చేయాలంటే మనం దాన్ని నామవాచకంలా మార్చుకుంటాం: ‘చదవడమే తప్ప రాయడం లేదు’. ఇంగ్లీషుకి ఆ తిప్పలు లేవు, ‘హి ఓన్లీ రీడ్స్’ అంటే చాలు. ఒక్కో భాష ఒక్కో చోట పరిమితిని సులువు చేసుకుంది. మన సులువు కొలతతో వాళ్ల వాక్యాన్ని కొలవకూడదు.

ఇప్పటిదాకా చెప్పింది ఒకే క్రియ ఉన్న వాక్యాల గురించి. రెండు క్రియలు ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడు కథ పూర్తిగా మారుతుంది. నేను అందరికంటే ఎక్కువగా కొట్లాడేది ఇక్కడే.

‘యు ఆర్ రిక్వైర్డ్ టు బ్రింగ్ ఓన్లీ ద లెటర్.’ సూత్రం ప్రకారం మచ్చలేని వాక్యం. ‘ఓన్లీ’ తను పరిమితం చేసే ‘లెటర్’ పక్కనే ఉంది. అయినా దీనికి రెండు అర్థాలున్నాయి. ఒకటి: ఉత్తరం ఒక్కటి తెస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. రెండు: ఉత్తరం తప్ప ఇంకేమీ తేకూడదు. మొదటి అర్థంలో సంచి తీసుకొచ్చినా ఎవరూ ఏమీ అనరు. రెండో అర్థంలో గేటు దగ్గరే ఆపేస్తారు. ఇంటర్వ్యూకో పరీక్షకో వెళ్లే మనిషికి ఈ తేడా చిన్నదా?

ఇప్పుడు ‘ఓన్లీ’ని క్రియల దగ్గరికి తీసుకెళ్లండి. ‘యు ఆర్ ఓన్లీ రిక్వైర్డ్ టు బ్రింగ్ ద లెటర్’ అంటే తెస్తే చాలు అన్న అర్థమే వస్తుంది. ‘యు ఆర్ రిక్వైర్డ్ టు ఓన్లీ బ్రింగ్ ద లెటర్’ అంటే ఇంకేమీ తేకూడదు అన్నదే. తప్పు స్థానాలని చీవాట్లు తినే రెండు చోట్లూ అర్థాన్ని తేల్చేశాయి. ఒప్పు స్థానమే తేల్చలేకపోయింది.

ఎందుకిలా? ‘ఓన్లీ’ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఏ మాట పరిమితం అవుతోంది అన్నది ఒకటి. ఆ పరిమితి ఎక్కడి నుంచి మొదలవుతోంది అన్నది రెండోది. అవసరం మీదా, తేవడం మీదా? నామవాచకం పక్కనున్న ‘ఓన్లీ’ మొదటి ప్రశ్నకి చక్కగా జవాబిస్తుంది, రెండోదాన్ని గాలికి వదిలేస్తుంది. క్రియ పక్కనున్న ‘ఓన్లీ’ రెండో ప్రశ్నకి జవాబిచ్చి, మొదటిదాన్ని ఊనికకి వదులుతుంది. ఒకే క్రియ ఉన్న వాక్యంలో రెండో ప్రశ్న పుట్టదు కాబట్టి మనం మొదటిదే ఉందనుకుంటాం. లౌత్ దగ్గర్నుంచి గైడ్ల దాకా అందరూ చూపించే ఉదాహరణలు దాదాపు ఆ రకం చిన్న వాక్యాలే. నిజంగా మనం రాసే నిబంధనల్లో ‘రిక్వైర్డ్’, ‘అలౌడ్’, ‘అడ్వైజ్డ్’, ‘ఎక్స్‌పెక్టెడ్’ లేని పేరా ఉండదు. వీటిలో ప్రతిదీ రెండో క్రియని వెంటబెట్టుకుని వస్తుంది. పక్క మాట సూత్రాన్ని పట్టుకుని కూర్చుంటే వీటన్నిటిలో ఆ గందరగోళం అలాగే ఉండిపోతుంది.

దీనికన్నా గమ్మత్తయిన జంట ఒకటుంది. ‘మస్ట్’, ‘హావ్ టు’. రెండూ ‘చేయాలి’ అనే చెప్తాయి, ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటాం. ‘యు మస్ట్ సైన్ ద ఫస్ట్ పేజ్’, ‘యు హావ్ టు సైన్ ద ఫస్ట్ పేజ్’, పెద్ద తేడా లేదు. ఇప్పుడు ‘ఓన్లీ’ని దాని మామూలు చోట్లో పెట్టండి. ‘యు మస్ట్ ఓన్లీ సైన్ ద ఫస్ట్ పేజ్’ అంటే మొదటి పేజీ తప్ప ఇంకే పేజీ మీదా సంతకం పెట్టకూడదు. ‘యు ఓన్లీ హావ్ టు సైన్ ద ఫస్ట్ పేజ్’ అంటే మొదటి పేజీ మీద పెడితే చాలు, మిగతావి మీ ఇష్టం. ‘మస్ట్’ సహాయక క్రియ, అందుకని ‘ఓన్లీ’ దాని తర్వాత కూర్చుని ‘సైన్’ మీద మొదలైంది. ‘హావ్ టు’లో ‘హావ్’ వ్యాకరణం దృష్టిలో మామూలు క్రియ, అందుకని ‘ఓన్లీ’ దాని ముందు కూర్చుని ‘చేయాలి’ అన్నదాని మీదే మొదలైంది. సమానార్థకాలనుకున్న రెండు మాటలు, ఒక చిన్న మాట చేరగానే ఒకటి నిషేధం అయింది, ఒకటి వెసులుబాటు అయింది.

తెలుగులో ‘మొదటి పేజీ మీద మాత్రమే సంతకం చేయాలి’ అని రాస్తే రెండూ ధ్వనిస్తాయి. మనల్ని ఆదుకునేది ‘చాలు’. ‘సంతకం చేస్తే చాలు’ అన్నాక ఇంక అనుమానం లేదు. ఇంగ్లీషు డ్రాఫ్టు రాసే ముందు అదే సంగతిని తెలుగులో ‘చాలు’తో చెప్పాలా, ‘తప్ప ఇంకేమీ కూడదు’తో చెప్పాలా అని ఒక్కసారి అనుకుంటే, ‘ఓన్లీ’ ఏ క్రియ దగ్గర ఉండాలో తేలిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పేది ఇదే, వాళ్లకి వెంటనే పట్టుబడుతుంది కూడా.

క్రియ పక్కన పెడితే అన్నీ తేలిపోతాయని మాత్రం అనను. ‘మే’ దగ్గర తేలదు. ‘ద సర్వర్ మే ఓన్లీ లాగ్ ఎర్రర్స్.’ డాక్యుమెంట్లలో ఇలాంటి వాక్యం నాకు తరచుగా తగులుతుంది. లాగ్ చేయడం అంటే జరిగినదాన్ని రికార్డులో నమోదు చేయడం. ఎర్రర్లు తప్ప ఇంకేదీ లాగ్ చేయడానికి అనుమతి లేదు అన్నది ఒక అర్థం. ఎర్రర్లు మాత్రమే లాగ్ చేసి ఊరుకోవడానికి అనుమతి ఉంది అన్నది ఇంకో అర్థం. ఎర్రర్లు మాత్రమే లాగ్ అయ్యే అవకాశం ఉంది, జాగ్రత్త అన్నది మూడోది. మొదటి అర్థం తీసుకున్న ప్రోగ్రామర్ మిగతా లాగులన్నీ ఆపేస్తాడు. రెండో అర్థం తీసుకున్నవాడు అన్నీ లాగ్ చేసినా నిబంధన తప్పినట్టు కాదు. ‘మే’ సహాయక క్రియ కాబట్టి ‘ఓన్లీ’ మామూలుగా దాని తర్వాతే వస్తుంది, ముందుకు తీసుకెళ్లి పరిధి చూపించే వీలు లేదు. ‘మే లాగ్ ఓన్లీ ఎర్రర్స్’ అని సూత్రం ప్రకారం మార్చినా మూడు అర్థాలూ పూర్తిగా పోవు.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ లాంటి మాటలకి కచ్చితమైన అర్థాలు నిర్ణయించి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం తెచ్చారు. అందులో ‘మస్ట్ నాట్’కి నిర్వచనం ఉంది, ‘షుడ్ నాట్’కి ఉంది. ‘మే ఓన్లీ’కి లేదు. ఆ పత్రాన్ని పాటిస్తున్నామని చెప్పుకునే డాక్యుమెంటులో ‘మే ఓన్లీ’ కనబడితే నేను దాన్ని అలా ఉండనివ్వను. నిషేధమైతే ‘మస్ట్ నాట్ లాగ్ ఎనీథింగ్ అదర్ దాన్ ఎర్రర్స్’ అని రాయమంటాను. వెసులుబాటైతే ‘మే లిమిట్ లాగింగ్ టు ఎర్రర్స్’ అని. ‘ఓన్లీ’ని జరపడం వల్ల తీరని చిక్కుకి ‘ఓన్లీ’ని తీసేయడమే మందు.

ఒప్పందాల్లో కూడా అంతే. అక్కడ చదివేవాడు స్నేహంగా చదవడు. తనకి లాభం వచ్చే అర్థం కోసం వెతుకుతూ చదువుతాడు. ‘ద టెనెంట్ షల్ ఓన్లీ యూజ్ ద స్పేస్ ఫర్ పార్కింగ్ ఎ కార్’ అంటే కారు తప్ప బైక్ పెట్టకూడదా, పార్కింగ్‌కి తప్ప సామాను పెట్టుకోవడానికి వాడకూడదా, వాడుకోవడమే తప్ప ఇంకొకరికి అద్దెకివ్వకూడదా? మామూలు పాఠకుడికి చివరి మాట మీద ఊనిక పడుతుందని పైన చెప్పాను. లాయరు ఊనికని తనకి కావలసిన చోట వేస్తాడు. కాబట్టి ఇక్కడ ‘ఓన్లీ’ని బిగించి కట్టడం న్యాయమే, ఆ విషయంలో సూత్రం పక్షమే నేను. అయినా రెండు వాక్యాలు చేసి, ఏం చేయొచ్చో ఒకదానిలో, ఏం చేయకూడదో ఇంకోదానిలో చెప్పడం అన్నిటికన్నా భద్రం.

‘జస్ట్’, ‘సింప్లీ’ దగ్గర ‘నాట్’తో ఉన్న సంబంధం గమనించాలి. ‘ఐ సింప్లీ కెనాట్ అగ్రీ’ అంటే ఒప్పుకోలేనంటే ఒప్పుకోలేను. ‘ఐ కెనాట్ సింప్లీ అగ్రీ’ అంటే ఊరికే ఒప్పేసుకోలేను, కొన్ని షరతులున్నాయి. ఒకటి తలుపు మూసేస్తుంది, ఒకటి బేరం మొదలుపెడుతుంది. ఆఫీసు ఈమెయిల్‌లో ఈ రెండూ తారుమారైతే ఎంత టెన్షన్ వస్తుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ కూడా ఏ నామవాచకం పక్కన అన్న ప్రశ్న లేనే లేదు. ‘నాట్’కి ముందా వెనకా, అదొక్కటే.

‘ఆల్మోస్ట్’ని మాత్రం ‘ఓన్లీ’తో ఒకే గాటన కట్టకూడదు. ‘ఐ మిస్డ్ ఆల్మోస్ట్ ఆల్ ద క్లాసెస్’ అంటే క్లాసులు దాదాపు అన్నీ పోయాయి. ‘ఐ ఆల్మోస్ట్ మిస్డ్ ఆల్ ద క్లాసెస్’ అనగానే చదివేవాడికి ముందు తట్టేది, పోయేవే కానీ తప్పించుకున్నాను అని. క్రియ ముందు ఉన్నప్పుడు ‘ఆల్మోస్ట్’ ముందు పనినే పట్టుకుంటుంది, పని జరిగిందా లేదా అన్నదే మారిపోతుంది. ‘ఓన్లీ’కి ఆ గుణం లేదు. ‘షి ఓన్లీ రెడ్ టూ చాప్టర్స్’ అన్నా, ‘షి రెడ్ ఓన్లీ టూ చాప్టర్స్’ అన్నా ఆమె రెండు అధ్యాయాలు చదివిందన్న సంగతి చెక్కుచెదరదు. ‘ఓన్లీ’ ఉన్న వాక్యం, ‘ఓన్లీ’ తీసేసిన వాక్యాన్ని నిజమని ముందే ఒప్పేసుకుంటుందని లారెన్స్ హార్న్ అనే భాషాశాస్త్రవేత్త 1969లోనే వాదించాడు. చివర్లో అంకె ఉన్న వాక్యాల్లో ‘ఓన్లీ’ స్థానం గురించి నేను అంత నిశ్చింతగా ఉండటానికి ఇదొక కారణం. ‘ఆల్మోస్ట్’, ‘నియర్లీ’ విషయంలో నేను కూడా పక్క మాట సూత్రాన్నే పాటిస్తాను, కచ్చితంగా.

‘టు’ ముందు ‘ఓన్లీ’ పెట్టడం ఇంకో ఉచ్చు. ‘టు ఓన్లీ యూజ్’ అంటే ‘టు’కీ క్రియకీ మధ్య మాట దూర్చారని కొందరు దాన్ని ‘ఓన్లీ టు యూజ్’ చేసేస్తారు. ‘హి కేమ్ బ్యాక్ ఓన్లీ టు ఫైండ్ ద డోర్ లాక్డ్’ అనే వాక్యంలో ‘ఓన్లీ టు’ అంటే తీరా చూస్తే అని. తిరిగొచ్చాడు, తీరా చూస్తే తలుపుకి తాళం. ‘ఫైండ్’, ‘డిస్కవర్’, ‘లర్న్’ లాంటి క్రియల ముందు ఈ అర్థం వెంటనే పైకొస్తుంది. మధ్యలో మాట దూరిందన్న భయంతో తోసేస్తే వాక్యం కొత్త కథ చెప్పడం మొదలుపెడుతుంది. దానికన్నా దూరి ఉండటమే మేలు.

ఇన్ని చెప్పాక, ‘ఓన్లీ’ వెనక వచ్చే వాడుకని కూడా ప్రస్తావించాలి, ఎందుకంటే దాన్ని తక్కువగా వాడుకుంటున్నాం. ‘ఫర్ ఇంటర్నల్ యూజ్ ఓన్లీ’, ‘మెంబర్స్ ఓన్లీ’. తన ముందున్న పదబంధాన్ని పట్టుకుని అక్కడే ఆగిపోతుంది, మన ‘మాత్రమే’ లాగానే. బోర్డుల మీదా ఫారాల మీదా బాగా కుదురుతుంది, నిబంధనల వాక్యంలో కూడా కుదురుతుంది: ‘దీజ్ ఫైల్స్ ఆర్ ఫర్ టెస్టింగ్ ఓన్లీ’. కానీ మాట్లాడే అలవాటు కొద్దీ ‘హి కేమ్ ఎస్టర్‌డే ఓన్లీ’ అని ప్రతి మాటకీ తోకలా తగిలిస్తే, బయటి దేశాల పాఠకుడు దాన్ని నిన్ననే అని చదవడు. నిన్న ఒక్కరోజే వచ్చాడు, మిగతా రోజులు రాలేదు అని చదువుతాడు. ఆ చోట నేను ‘ఓన్లీ’ని తీసి క్రియ ముందుకు తెస్తాను: ‘హి ఓన్లీ కేమ్ ఎస్టర్‌డే’.